యుమ్మా నోరు

చెత్తబుట్టను బోర్లించి అందులో ఖర్జూరపు గింజల కోసం వెతికే పంతులమ్మను మదార్బీ తన జన్మలో మొదటిసారి చూసింది. సౌదీలోని హుఫూఫ్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే నౌరా మదామ్, చేతులకు వంటింటి గ్లవ్సులు తొడుక్కుని, తల్లి గది మధ్యలో గొంతుక్కూర్చుని, వాడి పారేసిన టిష్యూ కాగితాలను ఒక్కొక్కటే విప్పి చూస్తోంది. దూది ముక్కలు, మాత్రల రేకులు, విరిగిన దువ్వెన పన్ను వచ్చాయి. గింజ మాత్రం రాలేదు.

"బయటెక్కడో పారేసి ఉంటావు," అంది మదామ్ లేస్తూ.

దొరికితే దొంగ, దొరక్కపోతే గజదొంగ. మదార్బీకి ఒళ్ళు మండింది. కానీ చేతిలో షుగరు చూసే మిషను ఉంది, దాని మీద అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. పొద్దున్నే ముసలమ్మ వేలి కొసన సూది గుచ్చి, రక్తపు చుక్కను పట్టీకి అంటించి, వచ్చిన అంకెను మదామ్‌కు చూపించడం ఆమె పని. వేసవి మొదలైన దగ్గర్నుంచి ఆ అంకె మొండికేసింది. మందు మార్చారు, సూదిమందు పెంచారు, అన్నం మాన్పించారు. అయినా దిగనంటే దిగనంది.

"మదామ్, నేను పెట్టలేదు. అల్లా మీద ఒట్టు," అంది తనకొచ్చిన వంటింటి అరబ్బీలో.

"ఒట్లు నాకొద్దు. యుమ్మా రొట్టె తినదు, మాంసం తినదు. మధ్యాహ్నం పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంది. తినని మనిషికి షుగరు ఎలా పెరుగుతుంది? ఎవరో చాటుగా తీపి పెడుతున్నారు కాబట్టే ఆకలి ఉండటం లేదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను పెట్టలేదు. తనంతట తాను లేచి తెచ్చుకోలేదు. ఇక మిగిలిందెవరు?"

లెక్కల పంతులమ్మ కదా, లెక్క ఎక్కడా తప్పలేదు. పైగా అది ఖర్జూరాలు పండే కాలం. హుఫూఫ్ తోటల్లోంచి చుట్టాలు పంపిన బుట్టలు వారానికోసారి గుమ్మంలోకి వస్తూనే ఉన్నాయి. పాకంలా కారే మెత్తటి పళ్ళు, చూస్తేనే నోరూరుతుంది. మదామ్ వాటిని ఫ్రిజ్‌లో సర్ది, ఫ్రిజ్‌కు తాళం బిగించింది.

"షుగరు దిగేదాకా నీ ప్రయాణం మాట ఎత్తకు. నిన్ను నమ్మి యుమ్మాను అప్పగించాను. ఈ స్థితిలో వదిలేసి పోతానంటే రీ-ఎంట్రీ కొట్టను."

రీ-ఎంట్రీ కొట్టడమంటే వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న కఫీల్ తన ఫోనులో ఒక మీట నొక్కడం. మదార్బీకి కఫీల్ నౌరా మదామే. ఆ మీట నొక్కితే విమానం ఎక్కి ఊరు చూసి తిరిగి రావచ్చు. నొక్కకపోతే పాస్‌పోర్టు చేతిలో ఉన్నా గుమ్మం దాటినట్టు కాదు. రాయచోటిలో కూతురు సుల్తానాకు తొమ్మిదో నెల పడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టింటికేమో తాళం. తల్లి పోయి తాళం తీస్తేనే అది పుట్టిల్లు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ సూదంటే భయం, ఆస్పత్రి వాసన అంటే భయం. "నువ్వొచ్చినాకనే నేను ఆస్పత్రికి పోయేది అమ్మీ, నువ్వు రాకుంటే యాడికీ పోను," అని ఫోనులో మొండికేస్తోంది. నొప్పులు తల్లి విమానం కోసం ఆగుతాయా?

మంచం మీద నుంచి యుమ్మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నౌరా కన్నతల్లి ఆవిడ. యుమ్మా అంటే అమ్మ అనే. మదార్బీ కూడా అలాగే పిలుస్తుంది. చెవులు సగం పోయాయి కాబట్టి గొడవ దేని గురించో ఆవిడకు తెలియలేదు. చెయ్యి చాచి మదార్బీ కొంగు పట్టుకుని, రోజూ అడిగే మాటే అడిగింది.

"నీ కూతురు కన్నదా?"

"ఇంకా లేదు యుమ్మా."

"అల్లా తేలిక చేస్తాడు," అని కొంగు వదిలేసింది.

*

ఆ పూటంతా మదార్బీకి కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మేడమీద ఆరేసిన దుప్పట్లు ఎండాయో లేదో చూడటానికి పోయి, చూడకుండానే దిగొచ్చింది. ఎండకు మెట్ల కమ్మీ ముట్టుకుంటే చెయ్యి కాలింది. అది కూడా మదామ్ చేసిన పనే అనిపించింది.

మధ్యాహ్నపు నమాజు వేళయింది. నమాజుకు ముందు యుమ్మాకు నోరు శుభ్రం చేసి వజూ చేయించాలి. చేతులూ ముఖమూ కాళ్ళూ కడిగితే తప్ప ఆవిడ అల్లా ముందు కూర్చోదు. పడుచుకాలమంతా సివాక్ పుల్లతో పళ్ళు తోముకున్న మనిషి. ఇప్పుడు వేళ్ళు వణికి పుల్ల నిలవదు. అయినా ఒకటి దిండు కింద పెట్టుకుంటుంది, తీసి వాసన చూసి మళ్ళీ దాస్తుంది. ఇంకొకరి చెయ్యి నోట్లోకి రానివ్వడం ఆవిడకు చచ్చేంత సిగ్గు. మదామ్ ఒకసారి చెంచాతో మందు పోయబోతే పళ్ళు బిగించి దిండంతా తడిపింది. మదార్బీ వేలు మాత్రం ఎందుకో ఆ నోటికి సరిపడింది. గడ్డం కింద చెయ్యి పెడితే చాలు, పక్షిపిల్లలా నోరు తెరుస్తుంది.

మెత్తటి నూలుగుడ్డ ముక్కను గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, రెండు చుక్కల పన్నీరు చల్లి, చూపుడు వేలికి చుట్టింది. ముందు పై పళ్ళు, తర్వాత కింది పళ్ళు. పళ్ళ ముఖాల మీద వేలు హాయిగా తిరుగుతుంది కానీ చిగుళ్ళ దగ్గరికి వచ్చేసరికి తప్పుకుంటుంది. వాకిట్లో ఆరబెట్టిన వడియాలను తొక్కకుండా నడిచినంత జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఊరికే వచ్చింది కాదు. చలికాలంలో బ్రష్షుతో తోమిన రోజుల్లో, వజూ చేయించి కుర్చీలో కూర్చోబెట్టాక యుమ్మా ఉమ్మితే ఎర్రగా పడింది. ఉమ్మిలో ఎరుపు మిక్కిలిగా కనిపిస్తే వజూ పోయినట్టేనని మదార్బీకి చిన్నప్పుడు మసీదు హజ్రత్ చెప్పిన పాఠం. మళ్ళీ చేయించింది. మళ్ళీ ఎరుపే. ఇంతదూరం నుంచి వచ్చిన మనిషికి తనకన్నా ఎక్కువ నిష్ఠ ఉందనుకుని ముసలమ్మ మారు మాట్లాడకుండా కాళ్ళు చాచింది. మూడోసారి నీళ్ళు పోస్తుంటే మోకాళ్ళ నొప్పికి పసిపిల్లలా ఏడ్చింది. ఆ రోజుతో మదార్బీ బ్రష్షు పక్కన పెట్టేసి గుడ్డ పట్టింది. ఆనాటి నుంచి ఉమ్మి తెల్లగా మల్లెపువ్వులా పడుతోంది, నమాజు నమాజులా సాగుతోంది. ఈ ఇంట్లో తాను చేసిన పనులన్నిటిలోకీ మదార్బీకి గర్వంగా ఉండేది ఇదొక్కటే.

నోటి వాసన మాత్రం ఈమధ్య పెరిగింది. ముసలితనం కదా అనుకుని, బుగ్గన ఒక లవంగం పెట్టింది.

*

సాయంత్రం గేటు పక్క గదిలో డ్రైవరు ఫక్రుద్దీన్‌కు టీ ఇవ్వడానికి పోయింది. అతనిది మదనపల్లె. గది ముందు పైపు పెట్టి మదామ్ కారు కడుగుతున్నాడు. కడిగిన చోటే దుమ్ము వచ్చి వాలుతోంది.

"ఏందక్కా, మొగం మాడ్చుకోనుండావు? చెత్తబుట్ట కథ నాకూ తెలిసిందిలే."

"నువ్వన్నా చెప్పరా ఫక్రూ. నేను ముసిలామెకు తీపి పెడ్తానా? సూది గుచ్చేది నేనే, ఆ నెంబరు చూసి బయపడేది నేనే!"

ఫక్రుద్దీన్ పైపు పక్కన పడేసి, టీ గ్లాసు అందుకుని గొంతు తగ్గించాడు.

"నువ్వు పెట్టల్యా. నాకు తెల్సు. కానీ నా మాట ఇను. పోయి 'మదామ్, తప్పయిపాయ, రెండు పండ్లు పెట్టినా, ఇంగ జన్మలో పెట్టను' అనెయ్. ఒక పూట అరుస్తాది. మనసు సల్లబడ్తాది. ఒప్పుకున్నోళ్ళను ఈళ్ళు తొందరగా ఇడిసిపెడ్తారు. సుల్తానా కాడికి పోతావు."

"పెట్టనిది పెట్టినానని ఎట్లంటా?"

"నోటి మాటే గదక్కా, అరిగిపోతాదా?"

"అరిగిపోతాది," అంది మదార్బీ. "రేపు నేను పోయినాక ఆ యమ్మకు ఏమన్నా అయితే? మదార్బీ తీపి పెట్టి సంపిందంటారు. నా కూతురు బిడ్డనెత్తుకుని ఆ మాట ఇనాల్నా?"

ఫక్రుద్దీన్ తల గోక్కున్నాడు. ఈ మనిషికి చెప్పడం కంటే కారుకు చెప్పడం నయం అనుకున్నట్టుగా పైపు అందుకున్నాడు. మదార్బీ గేటు దాకా పోయి, బయటికి చూసి, ఏమీ లేని వీధి నుంచి వెనక్కి తిరిగింది. పంటి బిగువున పట్టిన ఏడుపు వంటింట్లోకి వచ్చాక బయటపడింది.

*

మర్నాడు పొద్దున పన్ను ఊడింది.

పాలలో నానబెట్టిన రొట్టె ముక్క పెడుతోంది మదార్బీ. యుమ్మా రెండుసార్లు నమిలి ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి, నాలుకతో ముద్దను ముందుకు తోసింది. అరచేతిలో పడిన తడి రొట్టెలో ఒక పన్ను, వేరుతో సహా. వేరు చుట్టూ పచ్చటి పాకు, దానికి అంటుకుని కాస్త ఎరుపు. దాని వాసనకు మదార్బీ మొహం పక్కకు తిప్పుకుంది, వెంటనే అలా తిప్పుకున్నందుకు సిగ్గుపడింది.

యుమ్మాకు నొప్పి లేదు. ఊడిన చోట నాలుక పెట్టి చూసుకుని, "పాలపన్ను," అని నవ్వింది.

మదామ్ నవ్వలేదు. అప్పటికప్పుడు ఊళ్ళోని పళ్ళ క్లినిక్‌కు ఫోను చేసి బురఖా వేసుకుంది. "నువ్వూ రా," అంది మదార్బీతో ముఖం చూడకుండా. "వేరే ఎవరు చెప్పినా నోరు తెరవదు."

క్లినిక్‌లో చలి. డాక్టరు సిరియా దేశస్థుడు, నెమ్మదస్తుడు. పక్కన సాయం చేసే నర్సు పేరు ఆరిఫా. మదార్బీ యుమ్మా చెవిలో చెబుతూ చెబుతూ తెలియకుండానే "అయ్యో తల్లీ" అనేసరికి, ఆ అమ్మాయి మాస్కు పైనుంచి కళ్ళు ఎగరేసింది.

"ఏ ఊరక్కా మీది? మాది నంద్యాల."

రాయచోటి అని చెప్పేసరికి మదార్బీకి ఆ చలిగదిలో కాస్త వెచ్చగా అనిపించింది.

మదార్బీ గడ్డం కింద చెయ్యి పెట్టింది. యుమ్మా నోరు తెరిచింది. డాక్టరు సన్నటి ఇనపపుల్లతో పంటికీ చిగురుకూ మధ్య తాకాడో లేదో, చిగుళ్ళ అంచంతా ఎర్రటి దారంలా ఉబికింది. రెండుచోట్ల చీము. మదామ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. డాక్టరు ఆ సందులోంచి పిసరంత తెల్లటి పాచి గీరి, గాజుపలక మీద చుక్క నీళ్ళలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు. గోడ మీది టీవీ వెలిగింది.

మొదట మసక. తర్వాత మదార్బీ తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. తెర నిండా కదలిక. మెలికలు తిరుగుతూ ఈదేవి కొన్ని, కడ్డీల్లా బారుగా ఉండి అటూ ఇటూ కొట్టుకునేవి కొన్ని, గుండ్రటివి గుంపులు గుంపులుగా అంటుకుని ఉన్నాయి. పండగ ముందురోజు బస్టాండు ఇలాగే ఉంటుంది. అయితే ఇదంతా యుమ్మా నోట్లో, తాను రోజుకు ఐదుసార్లు తుడిచే నోట్లో.

"ఇయ్యి పాచిలో ఉండే క్రిములక్కా," అంది ఆరిఫా తెలుగులో. "అందరి నోట్లోనూ ఉంటాయి, నీకూ నాకూ గూడ. రోజూ తోమి చెదరగొడ్తాంటే గమ్మునుంటాయి. చిగురు పక్కన కదిలీకుండా ఇడిసిపెడ్తే గుంపు కట్టి, లోపలికి దిగి, గార మాదిరి గట్టిపడ్తాయి. అప్పుడు చిగురు వాసి రక్తమొస్తాది. ఇంగా ఇడిసిపెడ్తే లోపల ఎముక గూడ కరిగి పన్ను ఊడ్తాది."

"రక్తం వచ్చేది బ్రష్షు గీసుకోని గాదా?"

"బ్రష్షు వల్ల గాదక్కా, ఈటి వల్ల. రక్తమొస్తాదని తోమేది మాన్పిస్తారు సూడు, ఆడనే చెడేది. తోమ్తాంటే వారం పది దినాల్లో అదే నిల్చిపోతాది."

మదార్బీ చూపుడు వేలు దానంతటదే పిడికిట్లోకి ముడుచుకుంది.

అవతల డాక్టరు మదామ్‌తో అరబ్బీలో చెబుతున్నాడు. చిగుళ్ళలో ఇంత వాపు ఉంటే షుగరు దిగడం కష్టం. షుగరు ఎక్కువుంటే చిగుళ్ళు మానడం కష్టం. రెండూ తోడుదొంగలు. షుగరు పెరగడానికి ఇదొక్కటే కారణమని తాను అనలేడు, షుగరు డాక్టరు కూడా చూడాలి, కానీ ముందు ఈ నోరు బాగుపడాలి.

"ఖర్జూరాలు తినడం వల్ల కాదా?" అంది మదామ్. "అన్నం సరిగ్గా తినదు. చాటుగా తింటోందని నా అనుమానం."

"ఈ పళ్ళతో ఎలా నములుతుందమ్మా? నొప్పికి తినడం మానేసింది."

మదామ్ ముఖంలో రంగు మారింది. చేతిసంచీ పట్టీని వేలికి చుట్టింది, విప్పింది.

"రోజూ నోరు శుభ్రం చేసేదెవరు?" అని అడిగాడు డాక్టరు.

జవాబు మదామే చెప్పింది, తలెత్తి, గట్టిగా. "ఈమే. ప్రతి నమాజుకు ముందు చేస్తుంది, నేను కళ్ళారా చూస్తాను. ఆ విషయంలో ఈమెను ఒక్క మాట అనడానికి లేదు."

ఎంత విడ్డూరం! చేయని తప్పుకు చెత్తబుట్ట బోర్లించిన మనిషి, చేసిన తప్పు దగ్గర మాత్రం అడ్డం నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆరిఫా మదార్బీ ముఖం చూసి దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"బ్రష్షుతోనే గదా అక్కా?"

"గుడ్డతో. చిగుళ్ళు తగలకుండా."

ఆరిఫా ట్రేలో దూది సర్దుతూ, "గమ్మునుండు. నిన్నెవరూ అడగల్యా, నువ్వు చెప్పాల్సిన పని ల్యా," అంది.

మదార్బీ గమ్మునుంది. డాక్టరు ఆ పూటకు ఒకవైపు గార తీసి, మెత్తటి బ్రష్షు ఒకటి ఇచ్చి, చిగురు అంచున రెండుపూటలా ఎలా తోమాలో రబ్బరు పళ్ళ సెట్టు మీద చేసి చూపించాడు. రక్తం వస్తుంది, ఆపొద్దని మరీ మరీ చెప్పాడు. మిగతా గార తీయడానికి మళ్ళీ రమ్మన్నాడు.

కారులో మదామ్ చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఇల్లు దగ్గరపడ్డాక, "నీ రీ-ఎంట్రీ రేపు కొడతాను. టికెట్టు కూడా నేనే చూస్తాను," అంది. క్షమించమనే మాట ఆమె నోట రాలేదు. కానీ అన్న మాటలో ఆ మాట ఉందని అద్దంలో ఫక్రుద్దీన్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వడం చూస్తేనే తెలిసింది.

మదార్బీ వంటింట్లోంచి సుల్తానాకు ఫోను చేసింది. "వస్తాండా, బంగారూ. తాళంచెవి పక్కింటి చాచీ కాడుండాది, ఆమెకు చెప్పి తలుపు తీపిచ్చు. గాలి కొట్టనీ," అంది. అవతల పిల్ల సంతోషం పట్టలేక ఏడ్చింది. తల్లికి మాత్రం ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. కళ్ళు మూస్తే తెరమీద మెలికలు తిరిగేవే కనిపిస్తున్నాయి.

*

మునిమాపు నమాజుకు ముందు కొత్త బ్రష్షు తీసింది. యుమ్మా నోరు తెరిచింది. డాక్టరు చూపించినట్టే ఏటవాలుగా చిగురు అంచున పెట్టి కదిలించింది. నాలుగుసార్లు తిరిగిందో లేదో బ్రష్షు ఎర్రబడింది. ఎరుపు చూడగానే చెయ్యి ఆగిపోయింది. బుద్ధికి తెలుసు ఆపకూడదని, చేతికి తెలియదే! ఆ చేతికి నెలల తరబడి ఉన్న అలవాటు ఒక్క పూటలో పోతుందా?

"ఎందుకాపావు?"

మదామ్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫోను, దానిలో టికెట్లు చూస్తున్నట్టుంది.

చెయ్యి నొప్పి పుట్టిందంటే సరిపోయేది. యుమ్మా కదిలిందన్నా సరిపోయేది. కానీ పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట పంటి కింద రాయిలా ఉంది. దొంగ అని అన్నప్పుడు తాను దొంగ కాదు కాబట్టి ఎలాగో ఓర్చుకుంది. ఒక్క మాట అనడానికి లేదని మెచ్చుకుంటే ఓర్చుకోవడం ఆమె వల్ల కావడం లేదు. పైగా, తాను నోరు మూసుకుని ఊరికి పోతే, తర్వాత వచ్చే మనిషి కూడా ఎరుపు చూసి చెయ్యి ఆపితే?

"మదామ్, నేను బ్రష్షుతో తోమడం లేదు. చలికాలం నుంచి గుడ్డతో తుడుస్తున్నాను. చిగుళ్ళను ముట్టుకోవడం లేదు."

"ఎందుకు?"

"రక్తం వస్తే వజూ పోతుంది. మళ్ళీ మళ్ళీ చేయిస్తే యుమ్మా కాళ్ళ నొప్పికి ఏడ్చింది. అందుకని."

మదామ్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మంచం అంచున కూలబడింది. వజూను ఆమె వుదూ అంటుంది.

"వుదూ పోతుందనా? మా దగ్గర చిగుళ్ళ రక్తానికి వుదూ పోదు మదార్బీ! మాకు ఆ పట్టింపే లేదు. ఒక్కసారి నన్ను అడగలేకపోయావా?"

గింజల గురించి తప్ప వేరే మాటే లేని ఇంట్లో అడగడానికి సందెక్కడ దొరికింది? అయినా ఆ మాట బయటికి అనలేదు. అడగాల్సిందే. ఇక్కడివాళ్ళూ తమలాగే నమాజు చేస్తారు కాబట్టి అన్నీ తమలాగే అనుకోవడం తన తెలివితక్కువతనం. అది ఒప్పుకోక తప్పదు.

మదామ్ లేచింది. కోపం కంటే ముందు కన్నీళ్ళు వచ్చాయి, వాటిని చూసి ఇంకా కోపం వచ్చింది.

"నా కళ్ళముందే! రోజుకు ఐదుసార్లు నేను చూస్తుండగానే! నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యి. యుమ్మా చిగుళ్ళు మానేదాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదు."

ఫోను ఆర్పేసింది.

"ఏమైంది?" అని అడిగింది యుమ్మా, నోటి నిండా ఎర్రటి నురగతో. మదామ్ వంగి చెవిలో గట్టిగా అంతా చెప్పింది. గుడ్డ సంగతి, వుదూ సంగతి, మదార్బీ కూతురి కాన్పుకు పోతానంటే పంపనన్న సంగతి. ముసలమ్మ విన్నది విన్నట్టే కూర్చుని, పుక్కిలించి ఉమ్మి, నమాజుకు కుర్చీ తిప్పమంది. ఉమ్మి ఎర్రగానే పడింది. వజూ మళ్ళీ చేయించనక్కర్లేదు. మదార్బీ పక్కన నిలబడి, ఈ రెండు చేతులనూ ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడింది.

*

"నోరు మూసుకోనుంటే పోయేదానివి గదక్కా," అన్నాడు ఫక్రుద్దీన్ తెల్లారి. "పెట్టనిది పెట్టినానని ఒక్క మాట అనమంటే అనకపోతివి. ఎవరూ అడగనిది మాత్రం ఇప్పి చెప్తివి. నీ మాదిరి మనిషిని నేను యాడా సూళ్ళా."

సుల్తానా నుంచి పొద్దున్నే ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. తలుపు తీశారట, బల్లలు తుడిచారట. "నడుం నొప్పి లేస్తాంది అమ్మీ, ఇంగా కాన్పు నొప్పి గాదంటాండారు. నువ్వు యా దినం దిగుతావు?" మదార్బీ దాన్ని మళ్ళీ మళ్ళీ వింది.

బ్రష్షు, గిన్నె, గోరువెచ్చటి నీళ్ళు తీసుకుని గదిలోకి పోయి, ఎప్పటిలాగే గడ్డం కింద చెయ్యి పెట్టింది. యుమ్మా నోరు తెరవలేదు.

"యుమ్మా, తెరువు."

పెదాలు బిగించి ముఖం గోడవైపు తిప్పుకుంది. కాసేపు ఆగి మళ్ళీ అడిగింది. లేదు. మధ్యాహ్నపు నమాజుకు ముందు మళ్ళీ అదే గోడ, అదే బిగింపు. వేలు పెదవికి తాకిస్తే ముసలమ్మ ఆ వేలిని పట్టుకుని మెల్లగా పక్కకు పెట్టింది.

మదార్బీకి ప్రాణం చచ్చిపోయింది. మదామ్ అరిచినా తట్టుకుంది, ప్రయాణం పోయినా తట్టుకుంది. ఈ ఇంట్లో తన చేతిని నమ్మిన నోరు ఒకటుంది, ఇప్పుడు అదీ మూసుకుపోయింది. నమ్మి కాళ్ళు చాచిన మనిషి పళ్ళు రాలగొట్టింది కదా తాను, ఎందుకు తెరుస్తుంది? బాత్రూములో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది.

సాయంత్రం మదామే వచ్చింది. "ఏమిటీ పంతం? యుమ్మా, తెరువు. డాక్టరు తిడతాడు."

యుమ్మా తల తిప్పి కూతుర్ని చూసింది. "నువ్వు చెయ్యి," అంది.

"నాకు రాదు. మదార్బీ చేస్తుంది."

"నువ్వు చెయ్యి."

మదామ్ బ్రష్షును చాక్‌పీసులా పట్టుకుంది. తల్లి ముందు వంగి, ఎప్పుడూ చూడని ఆ నోట్లోకి చూసి ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. బోర్డు మీద గీతలు గీసినట్టు పైకీ కిందకీ లాగింది. యుమ్మా మొహం చిట్లించింది కానీ నోరు మూయలేదు.

మదార్బీ ఉండబట్టలేకపోయింది. "అలా కాదు మదామ్. ఏటవాలుగా పెట్టండి. చిగురు అంచున. చిన్న చిన్న సున్నాలు తిప్పండి."

మదామ్ ఏటవాలుగా పెట్టింది. రెండు సున్నాలు, మూడు సున్నాలు. బ్రష్షు ఎర్రబడింది. పాము కరిచినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "రక్తం!"

"ఆపొద్దు," అంది మదార్బీ.

"నొప్పి పుడుతుందేమో..."

ఆ మాట పూర్తి కాకముందే యుమ్మా చెయ్యి పైకి లేచింది. సివాక్ పుల్ల నిలవని ఆ వణికే వేళ్ళు నౌరా మణికట్టును పట్టుకుని, బ్రష్షును మళ్ళీ తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాయి. నౌరా ఏడుస్తూనే తోమింది. పై వరస అయింది, కింది వరస అయింది. మదార్బీ గిన్నె పట్టుకుని నిలబడింది.

పుక్కిలించి ఉమ్మాక యుమ్మా తువ్వాలుతో తన మూతి తానే తుడుచుకుంది. అప్పుడు మదార్బీ వైపు తిరిగింది. కళ్ళలో కోపం లేదు. పొద్దున్నుంచీ కూడా లేదేమో, గోడవైపు తిరిగిన ముఖంలో ఏముందో మదార్బీ చూడలేదు.

"నా నోటికి నా కూతురుంది," అంది ముసలమ్మ. "నువ్వు నీ కూతురి దగ్గరికి పో."

మదార్బీకి గట్టిగా ఏడవాలనిపించింది, ఆ వణికే వేళ్ళు పట్టుకుని కళ్ళకు అద్దుకోవాలనిపించింది. రెండూ చేయలేక మదామ్ ముఖం చూసింది. మదామ్ తల్లినే చూస్తోంది. తడిసిన చేతిని బట్టలకే తుడుచుకుంది.

"రాత్రి పూట తోమేటప్పుడు కూడా పక్కన నిలబడు," అంది, మదార్బీ వైపు తిరగకుండానే. "లోపలి వైపు పళ్ళు నాకు అందలేదు, ఎలాగో చూపించు. ఎల్లుండి నుంచి నేనొక్కదాన్నే చెయ్యాలి కదా."

మదార్బీ సరేనంది. గిన్నెలో ఎర్రనీళ్ళు పారబోసి, బ్రష్షును కొళాయి కింద బాగా కడిగి, ఎవరికి కావాలన్నా అందేలా కిటికీ అంచు మీద నిలబెట్టింది.